పలక మీద నిలిచినది



మార్కాపురమునుండి కంభము మీదుగా గిద్దలూరు పోవు మార్గమునకు చేరువనున్న పల్లె మాది. నేను వడ్రంగిని. తలుపులు, కిటికీలు, మంచములు చేసి జీవించువాడను. మా సంఘపు హార్మోనియము పెట్టె సడలినను, గుడిలోని బల్లలు విరిగినను బాగుచేయుట నా వంతు. కొన్ని సంవత్సరముల క్రిందట మా యౌవనస్థులు చందాలు పోగుచేసి ఒక గిటారు కొనిరి. అది చెడినప్పుడును నా యొద్దకే వచ్చెను. దాని మూలముగా ప్రభువు నాకు నేర్పిన పాఠమును సిగ్గుతోనే మీకు తెలుపుచున్నాను.

బొబ్బిలి వీణను ఒకే పనస దుంగనుండి తొలిచి చేయుదురు. గిటారు అట్టిది కాదు. పై పలక, అడుగు పలక, ప్రక్కలు, లోపలి బద్దెలు అన్నియు వేరువేరు ముక్కలు. జిగురే వాటిని ఒక్కటిగా పట్టియుంచును. పై పలక మందము సుమారు మూడు మిల్లీమీటర్లు మాత్రమే. దానిమీద అతికించిన చిన్న కొయ్యను బ్రిడ్జి అందురు. ఆరు ఉక్కు తీగెలును దానినే పట్టుకొని లాగుచుండును. ఆ లాగుడు దాదాపు 70 కిలోల బరువుతో సమానము. రాత్రియనక పగలనక లాగుచునే యుండును.

ఒక ఎండకాలమున ఆ బ్రిడ్జి వెనుక అంచు లేచెను. పునరుత్థాన పండుగ దగ్గరపడినందున నేను తొందరపడి దానిని ఊడదీసి, తెల్లజిగురు పూసి, నడిమి గుండ్రని రంధ్రములోనుండి క్లాంపు దూర్చి బిగించి ఇచ్చివేసితిని. పండుగనాటి వేకువ ఆరాధనలో, పాట మధ్యన, ఆ బ్రిడ్జి చప్పుడుతో ఊడి ఎగిరిపడెను. పెద్దలు నా వైపు చూచిరి. నేను వెంటనే, "పిల్లవాడు ఎండలో పెట్టినాడు, జిగురు మెత్తబడిపోయింది" అంటిని. తెల్లజిగురు వేడికి మెత్తబడుట నిజమే గనుక అందరును నమ్మిరి. వాయించుచున్న అబ్బాయి మాత్రము, "నేను ఎండలో పెట్టలేదు మామా" అని మెల్లగా అనెను. ఎవరును వినిపించుకొనలేదు. వాని తల్లి విధవరాలు. కూలికి పోయి వానిని చదివించుచున్నది. మరుసటి ఆదివారమునుండి ఆమె ఒక్కతెయే వచ్చి తలుపు దగ్గర కూర్చుండెను. వాడు రాలేదు.

గిటారు నా కొట్టములో గోడకు వ్రేలాడుచుండెను. ఈసారి తప్పిపోకూడదని క్రొత్త ఉపాయము వెదకితిని. రంధ్రములోనుండి దూర్చిన క్లాంపు బ్రిడ్జి నడిమిభాగమును గట్టిగా నొక్కును గాని రెండు కొనలను సరిగా అందుకొనదు. అందుచేత గిటార్లు చేయువారు కొందరు గాలిచేతనే నొక్కించుదురని తెలిసికొంటిని. మన చుట్టునున్న గాలికి బరువున్నదని టారిచెల్లి అను ఇటలీ దేశస్థుడు 1643లో పాదరసముతో చూపెను. ఆ గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదను సుమారు ఒక కిలో బలముతో నొక్కుచున్నది. అన్ని వైపులను సమానముగా నొక్కుటచేత మనకు తెలియదు. బ్రిడ్జి మీద ఒక మూత పెట్టి లోపలి గాలిని తీసివేసినయెడల, బయటి గాలియే దానిని అంతటను ఒకే తీరుగా అదుమును. మనము బలము తేనక్కరలేదు. అడ్డుగానున్న దానిని తీసివేసిన చాలును.

గాలి తీయు పంపులు అంగడిలో దొరకును. ఏసీలు బాగుచేయువారి యొద్ద మంచివి యుండును గాని వాటి వెల నాకు భారము. అందుచేత మార్కాపురములో పాత ఇనుప సామాన్ల కొట్టున ఒక చెడిన ఫ్రిజ్జు కంప్రెషరును కొంటిని. దాని పీల్చు గొట్టమునకు ఒక పైపు, గాలిని వెనుకకు రానీయని వాల్వు, ముల్లుగల గేజి ఒకటి అమర్చితిని. టేకు చట్రము చేసి, అడుగున మెత్తని రబ్బరు అంటించి, పైన సాగెడు రబ్బరు తొడుగు బిగించితిని. గేజి ముల్లు 20 అంగుళములు చూపినప్పుడు, 15 సెంటీమీటర్ల పొడవును 3 సెంటీమీటర్ల వెడల్పును గల ఆ బ్రిడ్జి మీద 30 కిలోల బలము పడును. పలుచని పలకకు అంతకుమించి మంచిది కాదని ఎంచితిని.

మొదట ఆ చట్రమును మా మార్కాపురపు రాతిపలక మీద పెట్టి చూచితిని. నున్నగా అరగదీసిన నల్లని పలక అది. చిన్ననాడు మనమందరము అక్షరములు దిద్దిన రాయియే. మోటారు వేసితిని, ముల్లు లేచెను. మోటారు ఆపితిని. ఒక గంటసేపైనను ముల్లు కదలలేదు. పిమ్మట జిగురు పూయకయే బ్రిడ్జిని దాని చోటనుంచి, చట్రమును గిటారు మీద పెట్టితిని. మోటారు తిరుగుచున్నంతసేపు ముల్లు నిలిచెను. ఆపగానే జారిపోయెను.  పలక మీద నిలిచినదాయెను గనుక తప్పు పనిముట్టులో లేదు.

దీపమును చిన్న అద్దమును రంధ్రములోనికి దించి చూచితిని. తీగెల కొనలు దిగు ఆరు తూట్లును తెరచియే యున్నవి. లోపలినుండి మూయుట నేను మరచితిని. చట్రమును బ్రిడ్జిని తీసి దీపము దగ్గర పెట్టినప్పుడు వేరొకటియు కనబడెను. పాత జిగురు గీకబడక మెరయుచుండెను. దానిమీద నేను పూసిన క్రొత్త జిగురు పొరవలె ఊడివచ్చెను గాని దానికి ఒక్క కొయ్య పీచైనను అంటలేదు. కొనల యందు అది కొయ్యను ముట్టనేలేదు. ఎండ దానిని చెరుపలేదు. నా తొందరయే చెరిపినది. ఆ సంగతి అప్పుడే తెలిసినదని చెప్పిన అబద్ధమగును. పాత జిగురు గీకలేదని పండుగ నాడే నేనెరుగుదును.

అర్పణమును బలిపీఠము నొద్ద విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు కొండమీద చెప్పిన మాట నన్ను నిద్రపోనీయలేదు. మరునాటి రాత్రి ఆ ఇంటికి వెళ్లితిని. పిల్లవాడు తల ఎత్తలేదు. నేను జరిగినదంతయు చెప్పి, "నన్ను క్షమించు నాయనా" అంటిని. వాని తల్లి నాకు చెంబుతో నీళ్లిచ్చి, "అన్నా, అప్పుడు నువ్వు చెప్పింది గుడిలో గదా. ఇది కూడా గుడిలోనే చెప్పు" అనెను.

ఆ మాట నాకు చేదుగా నుండెను. ఇంట్లో ఒప్పుకొనుటతో సరిపోవునని తలంచితిని. అయినను ఆదివారము పాస్టరుగారి అనుమతి తీసికొని నిలువబడి చెప్పితిని. నా మాటలు నాలుగైదే, గాని నా మోకాళ్లు వణకెను. ఆ దినమున వాడు గుడిలో లేడు. తల్లి ఇంటికి పోయి చెప్పియుండును. బుధవారము సాయంకాలము వాడే నా కొట్టమునకు వచ్చెను.

ఇద్దరము కూర్చుండి పాత జిగురును కొయ్య కనబడువరకు గీకితిమి. ఆరు తూట్లను లోపలినుండి మూసితిమి. పలుచగా జిగురు పూసి, బ్రిడ్జి నుంచి, చట్రము పెట్టి, మోటారు వేసి, ముల్లు 20 చేరగానే ఆపివేసితిమి. కొట్టము నిశ్శబ్దమాయెను. ముల్లును చూచుచు గంటసేపు కూర్చుంటిమి. అది కదలలేదు. తీగెలు మాత్రము మరునాటి సాయంకాలము వరకు బిగించలేదు.

ప్రియులారా, సంఘమును గిటారు వంటిదే. అనేకమైన ముక్కలను ప్రేమ అతికించియున్నది. ఆదివారపు పాటల సందడిలో మన ముల్లు నిలిచినట్లే కనబడును. గుడి విడిచి ఇంటికి పోయిన పిమ్మట, సద్దు అణగిన తరువాత, అది నిలుచుచున్నదా? జారుచున్నయెడల పొరుగువాని ఎండను నిందింపక దీపము తీసికొని లోపల చూచుకొందము. పాతది గీకకుండ క్రొత్తది పూయకుందము. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే సరిచేసికొందము. ఆ అబ్బాయి ఇప్పుడు మరల గుడిలో వాయించుచున్నాడు. వాని తల్లి తలుపు దగ్గరనుండి లేచి ముందు వరుసలో కూర్చుండుచున్నది.