అరకు దారిలో నాలుగో నట్టు

విశాఖపట్నం నుండి అరకులోయకు రోడ్డు మార్గాన సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరేవరకు దారి సమతలంగానే సాగుతుంది. అక్కడి నుండి కొద్దిదూరం పోగానే తూర్పు కనుమలు గోడ కట్టినట్లు ఎదురవుతాయి. ఘాట్ రోడ్డు మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన నాటి నుండి ఈ కొండ ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నది. మన కర్మాగారంలో పనిచేసేవారిలో ఈ దారిన ఒక్కసారైనా వెళ్ళనివారు అరుదు. కనుక అరకు అందాలను వర్ణించి పాఠకులను విసిగించే ఉద్దేశం నాకు లేదు. 2022 డిసెంబరు మొదటి ఆదివారం నాడు మేము చేసిన ప్రయాణంలో నేను కొండలకన్నా ఎక్కువగా చూసినది మా కారు ముందు ఎడమ చక్రాన్ని. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

మా అక్కయ్య, బావగారు ఆ వారం మా ఇంటికి వచ్చారు. బావగారు రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో ముప్పైనాలుగు సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ చేసినవారు. అక్కయ్య అంతవరకు అరకు చూడలేదు. "ఇన్నేళ్ళు రైల్వేలో ఉండి కూడా కొత్తవలస, కిరండూలు లైను మీద నన్ను ఒక్కసారి తిప్పలేదు" అని ఆమె బావగారిని దెప్పడంతో ప్రయాణం నిశ్చయమైంది. కొండ దారి కదా అని శుక్రవారం నాడే కారును నగరంలోని ఒక సర్వీసు షెడ్డుకు పంపాను. ముందు బ్రేకు ప్యాడ్లు మార్చడం, చక్రాలను ముందువి వెనక్కు, వెనుకవి ముందుకు మార్చడం, ఇంజన్ ఆయిలు, ఇవీ పనులు. శనివారం సాయంత్రం డ్యూటీ నుండి వస్తూ బిల్లు చెల్లించి, వారు చూపిన చోట సంతకం చేసి, కారు తెచ్చుకున్నాను. కారు శుభ్రంగా కడిగి ఉన్నది. లోపల సుగంధం చల్లారు. నాకు సంతృప్తి కలిగింది.

ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాము. శృంగవరపుకోటలో ఇడ్లీ, కాఫీ ముగించి ఘాట్ ఎక్కడం ప్రారంభించేసరికి ఎండ ఇంకా చెట్ల మీదికి రాలేదు. మొదటి మలుపులలోనే ఏదో చిన్న శబ్దం వినిపించసాగింది. టక్... టక్... టక్. కాఫీ ఫ్లాస్కు కదులుతున్నదేమో అనుకున్నాను. మా శ్రీమతి ఫ్లాస్కును ఒడిలో పెట్టుకున్నది. శబ్దం ఆగలేదు. టైరు గాళ్ళలో రాయి ఇరుక్కున్నదని సమాధానపడి, అమ్మాయి పెట్టిన పాట శబ్దం కొంచెం పెంచమన్నాను. ఈ మాట వ్రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది. నా ఉద్యోగం యంత్రాల నిర్వహణ. బేరింగు శబ్దంలో తేడా వచ్చిందని అర్ధరాత్రి ఫోను వస్తే లేచి కర్మాగారానికి వెళ్ళేవాడిని. నా సొంత కారు చక్రం నన్ను పిలుస్తూ ఉంటే పాట పెంచమన్నాను.

బావగారు చేయి చాచి పాట ఆపివేశారు. "ఏమోయ్, కొంచెం నెమ్మదిగా పోనీ" అన్నారు. నెమ్మదించాను. "ఇప్పుడు కాస్త వేగంగా." అలాగే చేశాను. "ఇప్పుడు యాక్సిలరేటరు మీద నుండి కాలు తియ్యి." కాలు తీశాను. శబ్దం మాత్రం వేగాన్ని బట్టి తరచుగా, నిదానంగా మారుతూనే ఉన్నది. "ఇంజనుది కాదు, చక్రానిది. ఎడమవైపు. చోటు చూసి ఆపు" అన్నారు.

రైలు స్టేషనులోకి వచ్చేటప్పుడు ప్లాట్‌ఫారానికి ఇరువైపులా నిలబడి, కదులుతున్న పెట్టెల చక్రాలనే చూస్తూ, వాటి చప్పుడునే వింటూ ఉండే సిబ్బందిని మీలో కొందరు గమనించే ఉంటారు. దానిని రోలింగ్ ఇన్ పరీక్ష అంటారు. బ్రేకు పట్టేసిన చక్రం, చదునుదేరిన చక్రం, విరిగిన స్ప్రింగు, వేలాడుతున్న భాగం, వీటిని రైలు ఆగకముందే కంటితో, చెవితో పట్టుకోవడం వారి విద్య. బావగారు ఉద్యోగ జీవితంలో అధికభాగం ఆ పని చేశారు. ఆ చెవి పదవీ విరమణ చేయలేదు.

టైడా సమీపంలో రోడ్డు కొంచెం వెడల్పుగా ఉన్నచోట కారు ఆపి, వెనుక చక్రాలకు రాళ్ళు పెట్టి, ఎడమవైపు ముందు చక్రం ప్లాస్టిక్ వీల్ క్యాప్‌ను ఊడదీశాను. అందులో నుండి ఒక నట్టు దొర్లి నా అరచేతిలో పడింది. మేము విన్న శబ్దం దానిదే. ఊడిపోయిన నాలుగో నట్టు క్యాప్ లోపలే పడి, చక్రంతోపాటు తిరుగుతూ ఉన్నది. మిగిలిన మూడింటిలో రెండు వేళ్ళతో తిరిగాయి. మూడవది మాత్రం స్పానరు పడితే గాని కదలలేదు. చక్రం రంధ్రాల అంచులలో రంగు పోయి ఇనుము మెరుస్తున్నది. చుట్టూ నల్లని సన్నపొడి. అక్కడికి రెండు గజాల అవతల లోయ. మా అమ్మాయి ఫోటో తీసింది. అక్కయ్య రోడ్డు పక్క రాతి మీద కూర్చుని ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం చెప్పక తప్పదు. కారు బరువును చక్రం స్టడ్లు మోస్తున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నట్టును తగినంత బిగించినప్పుడు స్టడ్డు అతి స్వల్పంగా సాగుతుంది. ఆ సాగుదల వల్ల కలిగే బలం చక్రాన్ని హబ్‌కు నొక్కి పట్టి ఉంచుతుంది. ఆ రెండింటి మధ్య రాపిడే బరువును మోస్తుంది. ఇటువంటి చిన్న కార్లకు సాధారణంగా 85 నుండి 110 న్యూటన్ మీటర్ల బిగింపు నిర్దేశిస్తారు. నట్టు వదులైతే ఆ నొక్కుడు పోయి, చక్రం ప్రతి చుట్టులోను స్టడ్డును ఒకసారి అటూ ఇటూ వంచుతుంది. మా కారు టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. అంటే కిలోమీటరుకు దాదాపు 555 చుట్లు. ఇంటి నుండి టైడా దాకా 70 కిలోమీటర్లని లెక్క వేసినా సుమారు 39 వేల చుట్లు. తీగను మాటిమాటికి వంచితే తెగినట్లే స్టడ్డు కూడా తెగుతుంది. తెగే క్షణాన్ని ముందుగా తెలియజేయదు. ఈ లెక్క నేను ఆ రాతి పక్కనే నిలబడి మనసులో వేశాను. వేయకుండా ఉంటే బాగుండేది.

జాకీ ఎత్తి, చక్రాన్ని సరిగా కూర్చోబెట్టి, నట్లను చేతితో తిప్పి, ఆ తరువాత ఎదురెదురుగా ఉన్నవాటిని ఒకదాని తరువాత ఒకటి బిగించాను. చక్రం నేలకు ఆనిన తరువాత మళ్ళీ బిగించాను. మిగిలిన మూడు చక్రాలు కూడా చూశాము. కుడివైపు ముందు చక్రంలో ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. వెనుకవి సరిగానే ఉన్నాయి. వెనుదిరుగుదామని నేను, దిగుడు దారికన్నా ఎక్కుడు దారిలో బ్రేకుతో పని తక్కువ, పై ఊరిలో ఎవరికైనా చూపిద్దామని బావగారు వాదించుకున్నాము. ఆయన మాటే నెగ్గింది.

నెమ్మదిగా అనంతగిరి చేరాము. అక్కడ జీపులు బాగుచేసే ఒక చిన్న రేకుల షెడ్డు కనిపించింది. అందులోని మెకానిక్కు చక్రం ఊడదీసి, స్టడ్లను ఒక్కొక్కటి వేలితో తడిమి, "మరలు పాడవలేదు బాబూ. కానీ ఊరెళ్ళాక ఈ నాలుగూ మార్పించేయండి. నమ్మకూడదు" అన్నాడు. బ్రేకు ప్యాడ్లు, కాలిపర్ బోల్టులు కూడా చూశాడు. అవి సరిగా ఉన్నాయి. చివరకు ఒక డబ్బాలో పుల్ల ముంచి, నట్టు మీద నుండి చక్రం మీదికి పసుపు రంగుతో ఒక గీత గీశాడు. నాలుగు చక్రాలకు పదహారు గీతలు. "నట్టు కదిలితే గీత విరుగుద్ది. దిగి చూసుకుంటూ వెళ్ళండి" అన్నాడు. రెండు వందలు అడిగి తీసుకున్నాడు. మన కర్మాగారంలో ముఖ్యమైన బోల్టులకు మనం పెట్టే గుర్తు కూడా ఇదే కదా!

అక్కడి నుండి మా యాత్ర విచిత్రంగా సాగింది. గాలికొండ వద్ద అందరూ లోయను చూస్తుంటే నేను, బావగారు చక్రాల దగ్గర కూర్చున్నాము. సుంకరిమెట్ట కాఫీ తోటల వద్ద సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగలను, ఎర్రబారిన కాఫీ పండ్లను అక్కయ్యకు అమ్మాయి చూపించింది. నేను గీతలు చూశాను. అరకులోయలో వలిసె పూలు చివరి దశకు వచ్చినా, కొన్ని చెక్కలలో ఇంకా పసుపు పరచినట్లే ఉన్నాయి. "పొద్దుటి నుండి మీకు పసుపు గీతలు తప్ప మరే పసుపూ కనబడడం లేదండీ" అని మా శ్రీమతి అన్నప్పుడు గాని నేను తల ఎత్తలేదు.

భోజనాల సమయంలో ఖనిజంతో నిండిన గూడ్సు బండి ఒకటి విశాఖవైపు సాగిపోయింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు ఎగుమతి చేయడానికై విశాఖ ఓడరేవు చేర్చేందుకు 1960వ దశకంలో నిర్మించిన లైను ఇది. సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను దాటి, యాభైకి పైగా సొరంగాల గుండా, బొర్రా గుహల పైభాగంగా దిగుతుంది. వేల టన్నుల బరువుతో ఆ వాలు దిగే బండిని చూస్తూ బావగారు చెప్పారు. "బ్రేక్ పవర్ సర్టిఫికెట్ లేకుండా బండి కదలదు. దాని మీద మా విభాగం పరీక్షకుడు, డ్రైవరు, గార్డు సంతకాలు చేయాలి. మా రోజుల్లో గాలి ఒత్తిడి చూడకుండా డ్రైవరు సంతకం పెట్టేవాడు కాదు. నువ్వు నిన్న సంతకం పెట్టేముందు ఏం చూశావు?"

నేను సమాధానం చెప్పలేదు. రెండవ గేరులో, డముకు దగ్గర ఒకసారి మాత్రం ఆగి, చీకటి పడకముందే కొండ దిగాము. పదహారు గీతలూ చెక్కుచెదరలేదు.

సోమవారం ఉదయం సెలవు పెట్టి షెడ్డుకు వెళ్ళాను. యజమాని మర్యాదస్తుడే. కాని, "మా దగ్గర అలా జరగడానికి వీలులేదు సార్. దారిలో మీరు గాని పంక్చరు వేయించారా?" అన్నారు. లేదన్నాను. జాబ్ కార్డు తెప్పించి నా ముందు పెట్టారు. "చక్రాల నట్లు బిగించబడినవి" అన్న గడిలో టిక్కు ఉన్నది. దాని కింద, బండిని సంతృప్తికరంగా స్వీకరించినట్లు నా సంతకం ఉన్నది. అమ్మాయి తీసిన ఫోటో నేను చూపించాను. క్యాప్‌లో నట్టు, వెనుక టైడా దగ్గరి కిలోమీటరు రాయి, పైన తేదీ, సమయం. ఆయన స్వరం మారింది. పని చేసిన కుర్రవాడిని పిలిపించారు. పంతొమ్మిది, ఇరవై ఏళ్ళు ఉంటాయి. "రేపటి నుండి వీడిని రానివ్వను సార్" అన్నారు, అతడు ఇంకా నోరు విప్పకముందే.

నేను ఆ కుర్రవాడిని ఏమి జరిగిందో చెప్పమన్నాను. ప్యాడ్లు వేసి, కారు లిఫ్టు మీద ఉండగానే ముందు చక్రాల నట్లు చేతితో ఎక్కించాడట. ఇంతలో మరో బండికి అర్జంటని పిలిచారట. అతడు తిరిగి వచ్చేసరికి కారు కిందికి దించి, కడగడానికి తీసుకుపోయారట. బిగించారనే అనుకున్నాడు. దించినవాడూ అలాగే అనుకున్నాడు. మరి టిక్కు పెట్టినదెవరు? లోపల ఏసీ గదిలో బిల్లులు తయారుచేసే ఉద్యోగి. అతడు కారును చూడనైనా లేదు. గడులన్నీ ఒక్కసారే నింపుతాడు. నాకు కోపం వచ్చింది గాని, ఆ కోపం ఎవరి మీద నిలవాలో తెలియలేదు. మన షట్‌డౌన్ పనులలో షిఫ్టు మారే వేళ ఇటువంటివి నేను చూడలేదా? తనిఖీ పత్రం గదిలో కూర్చుని నింపినవారిని చూడలేదా?

నా కోరికలు నాలుగు చెప్పాను. ఎడమ చక్రం స్టడ్లు, నట్లు, రంధ్రాలు అరిగిన రిమ్ము వారి ఖర్చుతో మార్చాలి. చక్రాల పనికి తీసుకున్న కూలి వాపసు ఇవ్వాలి. జరిగినది కాగితం మీద వ్రాసి ఇవ్వాలి. ఆ కుర్రవాడిని తీసివేయకూడదు. మొదటి రెండింటికి ఆయన ఒప్పుకున్నారు. కాగితం మాత్రం ఇవ్వనన్నారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపానికి రెండేళ్ళ లోపల జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చుననీ, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము కూడా లేదనీ, న్యాయవాది లేకుండా నేనే వాదించుకోవచ్చుననీ నెమ్మదిగా చెప్పాను. బిల్లు, జాబ్ కార్డు నకలు, ఫోటో నా సంచిలో ఉన్నాయి. పాఠకులు కూడా ఈ మూడింటిని పారవేయకుండా ఉంచుకోవడం మంచిది. అరగంట తరువాత ఆయన బిల్లు వెనుక నాలుగు వాక్యాలు వ్రాసి సంతకం చేశారు. కుర్రవాడి సంగతి, "చూద్దాం సార్" అన్నారు.

రెండు రోజులకు కొత్త రిమ్ము, స్టడ్లు వేసి ఇచ్చారు. ఈసారి నేను పక్కన నిలబడ్డాను. కారు నేల మీదికి దిగిన తరువాత టార్క్ రెంచితో నట్లు బిగించినది ఆ కుర్రవాడే. నా ముఖం చూడలేదు. ప్రతి నట్టుకు రెంచి టక్కుమన్నప్పుడు పైకి లెక్కపెట్టాడు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూపించమని తనే చెప్పాడు.

మార్చిలో ఆ దారిన పోతూ ఆగి చూస్తే అతడు కనబడలేదు. తనంతట తానే మానివేశాడని యజమాని చెప్పారు. గాజువాక వైపు ఏదో షెడ్డులో చేరాడని అక్కడి మరొక కుర్రవాడు అన్నాడు. ఏ మాట నిజమో నేను విచారించలేదు. విచారించి ఉండవలసింది.

కొత్త నట్ల మీద గీతలు గీయడానికి ఇంట్లో రంగు డబ్బా లేకపోయింది. అమ్మాయి తన గోళ్ళ రంగు సీసా ఇచ్చింది. ఇప్పుడు మా కారు నాలుగు చక్రాలకు ఎర్రని గీతలు ఉన్నాయి. డ్యూటీకి బయలుదేరేముందు వీల్ క్యాప్‌లు లేని ఆ చక్రాల చుట్టూ నేను ఒకసారి తిరగడం చూసి, ఎదురింటివారు దానిని ప్రదక్షిణం అంటున్నారు.