చెన్నపట్నంలో మా చెల్లెమ్మ అభిషేకం

గడచిన క్రిస్మసుకు ముందటి వారంలో దేవుడు మాకొక ప్రయాణం అనుగ్రహించాడు. మాది సూళ్ళూరుపేట దగ్గర ఒక చిన్న పల్లె. నాట్లు ముగిసి చేలు పచ్చబడే రోజులు. పులికాటు సరస్సుకు ఫ్లెమింగో పక్షులు వచ్చే రోజులు. అటువంటి సమయంలో మేము ఆలుమగలం, మా చిన్నవాడు, మా పెద్దమ్మ, నలుగురం చెన్నపట్నం బయలుదేరాము. పెద్దమ్మ కూతురు, మాకు చిన్ననాటి నుండి స్నేహితురాలు, చెల్లెలి వంటిది, ప్రెస్బిటరుగా అభిషేకం పొందబోతున్నది.

ఆమె తండ్రి మా ఊరి ఉపదేశి. మందిరంలో దీపం వెలిగించింది ఆయన, రాత్రి బడిలో మాకు అక్షరాలు దిద్దించింది ఆయన, ఎవరింట జబ్బు చేసినా అర్ధరాత్రి లేచి వచ్చి ప్రార్థించింది ఆయన. అయితే సంస్కారం ఇచ్చే అధికారం ఉపదేశికి లేదు. పాస్టరు అయ్యగారికి పన్నెండు గ్రామాలు. ఆయన మా ఊరికి రెండు మూడు నెలలకొకసారి వచ్చేవారు. వానలు పడితే అదీ లేదు. ప్రభు బల్లకు ఎదురుచూచి ఎదురుచూచి కన్ను మూసిన ముసలివారు మా ఊళ్ళో ఉన్నారు. "నాన్నా, నువ్వెందుకివ్వవు?" అని పదేళ్ళ వయసులో ఈ అమ్మాయి తండ్రిని అడగడం మేము విన్నాము. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

పెరిగి పెద్దదై టీచరుగా పనిచేస్తున్న రోజుల్లో, తనకు సేవకు పిలుపు వచ్చిందని ఆమె మా పాస్టరేటు కమిటీకి దరఖాస్తు పెట్టుకుంది. కమిటీ సిఫారసు లేనిదే వేదాంత విద్యకు పంపరు. ఆ రోజు కమిటీలో ఒక పెద్ద మనిషి, "ఆడపిల్ల బల్ల దగ్గర నిలబడితే ఊళ్ళో ఏమనుకుంటారు?" అన్నాడు. అప్పటికే 2013 సెప్టెంబరు 30న నంద్యాలలో పుష్పలలితగారు దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషపుగా అభిషేకం పొంది ఉన్నారు. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. కమిటీలో మా ఇంటివారికీ చోటుంది. స్త్రీల మైత్రిలోనూ మా మాట చెల్లుతుంది. అయినా ఒక్క మాట మాట్లాడలేదు. ఆమెకు అడ్డు చెప్పినవారు ఇద్దరే. మిగిలిన వారమంతా తలవంచుకుని కూర్చున్నాము. దరఖాస్తు అక్కడే ఆగిపోయింది.

ఆమె ఎవరినీ నిందించలేదు. కూడబెట్టుకున్న జీతం డబ్బుతో చెన్నపట్నం వెళ్ళి చదువుకుంది. అక్కడి డయాసిస్ ఆమెను చేర్చుకుని, నిరుడు డీకనుగా చేసింది. ఈసారి ఆహ్వానపత్రికతో పాటు మాకొక కాగితం కూడా పంపింది. ఆరాధన తమిళంలోనూ ఇంగ్లీషులోనూ జరుగుతుందని, మాకు అర్థం కావాలని, క్రమమంతా తెలుగులో తన చేతితో రాసింది. ఒకచోట మాత్రం ఎర్ర సిరాతో గీత గీసి, "అన్నా, వదినా, ఇక్కడ మీరు జవాబు చెప్పాలి" అని రాసింది.

మా ఊరి స్త్రీలు పూటపూటా పిడికెడు బియ్యం తీసిపెట్టి కూడబెట్టిన డబ్బులో నుండి ఒక తెల్ల చీర కొన్నారు. అది, ఒక డబ్బా అరిసెలు మా సామాను. సూళ్ళూరుపేటలో తెల్లవారుజామున లోకల్ బండి ఎక్కాము. తడ దాటగానే ఆరంబాక్కం. అక్కడి నుండి తమిళనాడు. పాలక్యానుల వారు, కూలీలు, కాలేజీ పిల్లలు ఎక్కుతూ ఉంటే పెట్టెలో తెలుగు మెల్లమెల్లగా తమిళమైపోయింది. పెద్దమ్మ కిటికీ దగ్గర కూర్చుని చీర పొట్లాన్ని ఒడిలో నుండి దించలేదు.

చెన్నై సెంట్రలు పక్కనున్న సబర్బన్ స్టేషనులో దిగి బయటకు వచ్చేసరికి జనసముద్రం. 1873లో కట్టిన ఎర్రని సెంట్రలు స్టేషనూ, దాని గడియారపు గోపురమూ చూసి మా చిన్నవాడు నోరు తెరిచాడు. మెట్రో స్టేషనులో కదిలే మెట్లు చూసి పెద్దమ్మ, "నేను ఎక్కనయ్యా" అని మొండికేస్తే, ఎవరో తమిళ అమ్మాయి చెయ్యి పట్టుకుని దింపింది. భాష తెలియకపోయినా చెయ్యి చాలునని అక్కడ తెలిసింది. రాత్రికి పెరంబూరులో రైల్వే ఉద్యోగం చేసే ఒక తెలుగు కుటుంబం మాకు చోటిచ్చారు. ఇంటింటి ముందు కాగితపు నక్షత్రాలు, వాకిళ్ళలో మార్గళి మాసపు ముగ్గులు. మన ధనుర్మాసమే అక్కడి మార్గళి. పక్కపక్క ఇళ్ళలో ముగ్గూ నక్షత్రమూ చూస్తే మా ఊరే గుర్తుకొచ్చింది.

మరునాడు సెయింట్ జార్జి కెథడ్రల్‌కు వెళ్ళాము. పెద్ద చెట్ల నడుమ తెల్లని దేవాలయం, పొడవైన స్తంభాలు, ఆకాశంలోకి సూదిలా లేచిన శిఖరం. 1815లో కట్టి, 1816లో ప్రతిష్ఠించారు. ఇంగ్లీషువారి కోసం కట్టినదే. గోడల నిండా వారి జ్ఞాపకార్థపు రాళ్ళే. కాని స్వాతంత్ర్యం వచ్చిన 43 రోజులకు, 1947 సెప్టెంబరు 27న, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘంవారు ఈ దేవాలయంలోనే ఒక్కటై దక్షిణ ఇండియా సంఘమైనారు. ఆ ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో కూడినవారిలో మన దోర్నకల్ బిషపు అజరయ్యగారు ముఖ్యులు. ఆయన కూడా ఒక క్రిస్మసు వారంలోనే, 1912 డిసెంబరు 29న, కలకత్తాకు వెళ్ళి బిషపుగా అభిషేకం పొందినవారు. పాతికేళ్ళకు పైగా ఐక్యత కోసం పాటుపడి, 1945 జనవరి 1న, ఆ దినం చూడకుండానే కన్నుమూశారు. విత్తినవాడు కోత చూడకపోవడం సంఘ చరిత్రలో కొత్త కాదు. ఆ బల్లల మీద కూర్చుని మేము మా ఉపదేశిగారిని తలచుకున్నాము.

గంట మోగింది. గురువులు తెల్ల అంగీలతో వరుసగా నడిచి వచ్చారు. అభిషేకం పొందేవారిలో మా చెల్లెమ్మ చివరగా నడిచింది. ఒంటి మీద పిడికెడు బియ్యం చీర. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పాటలు, పాఠాలు, ప్రసంగం అయినాయి. మాకు తమిళం రాదు. కాగితం మీద వేలు పెట్టుకుని వరుస వెంట వెళ్ళాము. ఎర్ర గీత దగ్గరకు వచ్చేసరికి వేలు వణికింది. బిషపు అయ్యగారు సంఘం వైపు తిరిగి, వీరు ఈ పనికి యోగ్యులని మీరు నమ్ముతున్నారా అని అడిగే చోటు అది. బిషపు ఒక్కరే చేతులుంచితే అభిషేకమైపోతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాము. కాదు. ముందు సంఘం జవాబు చెప్పాలి. మా పాస్టరేటు కమిటీలో మమ్మల్ని అడిగిందీ ఇదే ప్రశ్న. ఆనాడు మేము చెప్పకుండా ఎగవేసిన జవాబు, ఇన్నేళ్ళకు, పరాయి ఊళ్ళో, మా ముందుకు వచ్చి నిలబడింది.

చుట్టూ వందల గొంతులు తమిళంలో జవాబిచ్చాయి. మేము తెలుగులో చెప్పాము. గట్టిగానే చెప్పాము. తరువాత ఆమె మోకరించినప్పుడు బిషపూ, గురువులూ కలిసి ఆమె తల మీద చేతులుంచారు. చేతికి బైబిలు ఇచ్చారు. పెద్దమ్మ లేచి నిలబడి, ఎవరు చూస్తారో అన్న తలంపే లేకుండా, చేతులెత్తి ఏడ్చింది.

ఆరాధన అయ్యాక చెట్ల కింద ఆమె మా దగ్గరకు వచ్చింది. "కాగితం అందిందా వదినా?" అంది. "అందిందమ్మా. జవాబు చెప్పాము" అన్నాము. అంతకన్న మాట రాలేదు. సాయంత్రం పెరంబూరులో కూర్చున్నప్పుడు మాత్రం దాచుకోలేక, "ఆ రోజు కమిటీలో మేము నోరు విప్పలేదు తల్లీ, క్షమించు" అన్నాము. ఆమె కాసేపు ఊరుకుంది. "రెండేళ్ళు మీ మీద కోపంగానే ఉన్నానన్నా," అంది. "కాదన్నవారి మీద లేదు. మీ మీదే. వారు నన్నెరగరు. మీరెరుగుదురు." ఆ మాట మమ్మల్ని పొడిచింది. అది నిజమైన మాట. తరువాత ఆమే లేచి మాకు అన్నం వడ్డించింది.

మన ఊరికి వస్తావా అని పెద్దమ్మ అడిగింది. రాలేనంది. నగరంలోని తెలుగు సంఘానికి ఆమెను నియమించారట. ఇటుక బట్టీలకూ ఇళ్ళ కట్టుబడి పనులకూ వచ్చిన మనవాళ్ళు అక్కడ ఎందరో ఉన్నారు. వారికీ సంస్కారం కావాలి కదా. మేము పోగొట్టుకున్నది వారికి దొరికింది.

తిరుగు ప్రయాణానికి ముందు ఆమె మమ్మల్ని పరంగిమల అనే సెయింట్ థామస్ మౌంట్‌కు తీసుకువెళ్ళింది. అపొస్తలుడైన తోమా ఈ గుట్ట మీదే హతసాక్షి అయినాడని పూర్వీకుల నుండి వచ్చిన నమ్మకం. పైన పోర్చుగీసువారు 1523లో కట్టిన గుడి ఉంది. మెట్లెక్కి చూస్తే విమానాశ్రయమూ, కనుచూపు మేర నగరమూ. పాత ప్రార్థన పుస్తకంలో తోమా దినం డిసెంబరు 21, క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు. మిగతా శిష్యుల కంటే ఎనిమిది దినాలు ఆలస్యంగా నమ్మినవాడు ఆయన. ప్రభువు ఆ ఆలస్యాన్ని లెక్కించక ఆయన నోటి మాట స్వీకరించాడు. ఆ మెట్ల మీద కూర్చుని మేము నలుగురం, ఆమె ప్రార్థన చేస్తుండగా, తలలు వంచాము. ఆమె చేతి నుండి మేము పొందిన మొదటి ఆశీర్వాదం అది.

క్రిస్మసు నాడు మా మందిరంలో ఈ సంగతులన్నీ చెప్పాము, మా తప్పుతో సహా. ఆరాధన అయ్యాక ఇంటర్ చదివే ఒక పిల్ల మా వెంటే నడిచి వచ్చి, "నేనూ బైబిలు ట్రైనింగుకు వెళ్ళవచ్చా?" అని మెల్లగా అడిగింది. ఆ పిల్ల దరఖాస్తు రాబోయే కమిటీలో చదవబడుతుంది. ఈసారి మేము తలవంచుకుని కూర్చోము.

ప్రియ పాఠకులారా, మీ సంఘంలో కూడా ఎవరి దరఖాస్తో ఆగిపోయి ఉండవచ్చు. అడ్డు చెప్పేవారు ఇద్దరే ఉంటారు. మిగిలిన మనం ఏమంటామోనని ఆ బిడ్డ చూస్తూ ఉంటుంది.