బాదం కొట్టువారి ఇంటిపేరు

ఇంగ్లీషువాళ్ల ఇంటిపేరు చివర ‘బాటమ్’ అని కనబడగానే కిసుక్కున నవ్వే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రయన్ సైడ్‌బాటమ్ ఇంగ్లండుకి క్రికెట్ ఆడినన్నాళ్లూ మా ఇంట్లో ఈ బాధ పడ్డాను. ఎడంచేత్తో బంతిని అంత ముచ్చటగా స్వింగ్ చేసేవాడు, 2010లో ట్వంటీ ట్వంటీ ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉన్నవాడు, వాళ్ల నాన్న ఆర్నీ కూడా ఇంగ్లండు తరఫున టెస్టు ఆడినవాడు. అవేవీ మావాళ్లకి పట్టవు. తెరమీద పేరు పడ్డం, సోఫాలో నవ్వులు పడ్డం. పోనీ నవ్వేవాళ్ల పేర్లేమైనా మహారాజుల పేర్లా అంటే, అందులో నక్కావారున్నారు, పిల్లివారున్నారు, పప్పువారున్నారు. పొలిమేర దాటితే ఎవరి ఇంటిపేరైనా నవ్వులపాలే.

సంగతేమిటంటే, ఉత్తర ఇంగ్లండులో బాటమ్ అంటే లోయ అడుగున ఉండే పల్లపు నేల. లాంకషైర్, యార్క్‌షైర్ మధ్య పెనైన్ కొండల పొడుగునా అలాంటి పల్లాలు బోలెడు. అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లకి ఆ పల్లం పేరే ఇంటిపేరయింది. లాంగ్‌బాటమ్ అంటే పొడుగాటి లోయవారు. సైడ్‌బాటమ్‌లో సైడ్ పాత ఇంగ్లీషులో విశాలమైనదని. వింటర్‌బాటమ్ చలికాలంలో పశువుల్ని మేపుకునే పల్లం. ఇంగ్లండు ఫుట్‌బాల్ జట్టుకి మొట్టమొదటి మేనేజరు వాల్టర్ వింటర్‌బాటమ్, 1946 నుంచి 1962 దాకా పదహారేళ్లు ఏలాడు. రామ్స్‌బాటమ్ ఇప్పటికీ మాంచెస్టర్‌కి ఉత్తరాన ఉన్న ఊరు. అది పొట్టేళ్ల లోయా, అడవి వెల్లుల్లి లోయా అన్నది పండితులకి ఇంకా తెగలేదు. వెల్లుల్లి అయితేనే బావుండునని నా కోరిక.

వీటన్నిట్లోకీ నాకు ఇష్టమైనది హిగ్గిన్‌బాథమ్. మాంచెస్టర్‌కి వాయవ్యాన బోల్టన్ అనే పట్నం ఉంది, ఒకప్పటి నూలుమిల్లుల ఊరు. దాని పక్కన ఓకెన్‌బాటమ్ అనే చోటు, ఓకు చెట్ల పల్లం. అక్కడివాళ్లే హిగ్గిన్‌బాథమ్‌లని ఇంటిపేర్ల మీద పనిచేసినవాళ్లు చెబుతారు. చెట్టూ నేలా కలిసి ఇంటిపేరు కావడం మనకేం కొత్త? రావిపాటివారూ, చింతలపాటివారూ, మర్రిపూడివారూ మన ఓకెన్‌బాటమ్‌వాళ్లే. మరి ఓకెన్‌కి ముందు ‘హ’ ఎక్కడిదంటారా? ఆ ప్రాంతపు మాండలికంలో రోవన్ చెట్టుని హికెన్ అనీ హిగ్గిన్ అనీ అనేవారు. జనం నోట బాగా నలిగిన ఆ పేరు వచ్చి, అర్థం మరుగున పడ్డ పాత మాట మీద కూర్చుంది. పల్లం వదిలి నాలుగూళ్ల అవతల స్థిరపడ్డవాడికి తన పేరులో ఓకు చెట్టు ఉందని ఎవరు చెబుతారు? చర్చి రిజిస్టరులో గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు. అందుకే హిగ్గిన్‌బాటమ్, హెగిన్‌బాథమ్, హికిన్‌బాథమ్ అని తలొక రకం. ఆస్ట్రేలియాలో విక్టోరియా ప్రధాన న్యాయమూర్తి జార్జ్ హిగిన్‌బాథమ్ ఒక ‘గ’ తగ్గించుకున్నాడు.

బాథమ్ అని రాసేవాళ్లలో చాలామంది పలికేది మాత్రం బాటమ్ అనే. ‘హెచ్’ రాతలోనే ఉంది, నోట్లో లేదు. ఇయాన్ బోథమ్ పేరూ ఈ మట్టిలో మొలిచిందే. 1981లో హెడింగ్లీలో 149 నాటౌట్ కొట్టి ఆస్ట్రేలియాకి ముచ్చెమటలు పట్టించినప్పుడు మన సోఫాలో ఎవడూ నవ్వలేదే!

ఇంటిపేర్ల మీద బతికే ఇంకో జాతి ఉంది. ‘మీ ఇంటిపేరు రాజచిహ్నం’ అంటూ సింహమో డాలో అచ్చేసిన కాఫీ కప్పులు అమ్ముతారు. ఇంగ్లండులో 1484 నుంచి ఈ చిహ్నాల వ్యవహారం చూస్తున్న కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ వాళ్లు మొత్తుకుంటూనే ఉన్నారు, చిహ్నం మనిషికీ వాడి వారసులకీ తప్ప ఇంటిపేరుకి ఉండదని. కప్పులు అమ్ముడుపోతూనే ఉన్నాయి.

ఇంగ్లండులో స్మిత్‌లూ జోన్స్‌లూ వీధికి పదిమంది దొరుకుతారు గానీ హిగ్గిన్‌బాథమ్‌లు అరుదే, అదీ ఎక్కువగా లాంకషైర్, చెషైర్ చుట్టుపక్కలే. సముద్రం దాటాక మాత్రం ఈ పేరు దశ తిరిగింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బృందంలో ట్రాంబోన్ ఊదిన జె.సి. హిగ్గిన్‌బాథమ్ జార్జియా నుంచి వచ్చిన నల్లజాతి కళాకారుడు. నల్లజాతివాడే అయిన జడ్జి లియాన్ హిగ్గిన్‌బాథమ్, వలసకాలపు అమెరికాలో చట్టాలు బానిసత్వానికి ఎలా కాపు కాశాయో తవ్వితీసి 1978లో పుస్తకం రాశాడు. 1995లో అమెరికా పౌరుడికి దక్కే అత్యున్నత పతకం అందుకున్నాడు. బోల్టన్ పక్కన ఓకు చెట్ల కింద పుట్టిన పేరు ఎవరెవరి నెత్తిన పడిందో, ఎలా పడిందో తలుచుకుంటే నవ్వు రాదు.

మన వైపు వచ్చినవాడు ఏబెల్ జాషువా హిగ్గిన్‌బాథమ్. ఓడలో దొంగతనంగా ఎక్కితే కెప్టెను మద్రాసులో దింపేశాడని కథ. మిషనరీల పుస్తకాల కొట్టులో పనికి కుదిరి, ఆ కొట్టు నష్టాల్లో మూతపడబోతుంటే 1844లో తనే కొనేసి మౌంట్ రోడ్డు మీద తన పేరు పెట్టాడు. 1875లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ వస్తే ఆయనకి పుస్తకాలు సరఫరా చేసిందీ ఈ కొట్టే. పెద్దాయన చివరికి మద్రాసు షరీఫు కూడా అయ్యాడు. ఎత్తయిన కప్పూ, గళ్ల నేలా ఉన్న ఆ తెల్లటి మేడ 1904 నాటిది. తర్వాత కొట్టు స్పెన్సర్ వాళ్ల చేతికీ, 1949లో అమాల్గమేషన్స్ వాళ్ల చేతికీ పోయింది. బోర్డు మీద పేరు తీసేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తీసేస్తే ఎవరు కొంటారు? ఉత్తరాదిన రైలు స్టేషన్లలో వీలర్ పుస్తకాల కొట్లు, దక్షిణాదిన హిగ్గిన్‌బాథమ్స్, అలా దేశం పంచుకున్నారు.

మద్రాసు మేడ గొప్పదే, కాదనను. నా ప్రాణం మాత్రం స్టేషనులోని చెక్క కొట్టు దగ్గరే. మా మామ్మ దాన్ని ‘బాదం కొట్టు’ అనేది. “ఒరేయ్, బెజవాడ వచ్చిందంటే బాదం కొట్టుకి పరిగెత్తకు, బండి కదిలిపోతుంది” అని కిటికీలోంచి చొక్కా పట్టుకునేది. పైన తాడుకి బట్టల క్లిప్పులతో వేలాడే వారపత్రికలు, కింద బల్ల మీద వాలుగా పేర్చిన చందమామలు, వెనక అద్దాల బీరువాలో నేను కొనలేని లావుపాటి ఇంగ్లీషు నవలలు. కొట్టులో ఉండే ఆయన మన మొహం చూడడు. మన చేతివేళ్లు చూస్తాడు. పత్రిక రెండో పేజీ తిప్పబోతే, “కొంటారా బాబూ?” అనేవాడు. ఆ చిల్లర లెక్కపెట్టే వేగం నేను బ్యాంకుల్లో కూడా చూడలేదు. గార్డు ఈల ఊదుతుంటే నోటు అందుకుని, మిగతా డబ్బులూ పత్రికా కలిపి చేతిలో పెట్టేవాడు.

అలా పరుగు తీసి కొనుక్కొచ్చిన వారపత్రిక నా చేతిలో తెనాలి దాకా ఉంటే ఒట్టు. ఎదుటి సీటులో ఒకాయన ఉంటాడు. ఏ బండెక్కినా ఉంటాడు. “ఒక్కసారి అలా ఇస్తారా, చూసిచ్చేస్తాను” అంటాడు. ఇవ్వనంటే మామ్మ కళ్లెర్రజేస్తుంది, పెద్దాయన అడిగితే ఇవ్వవేంరా అని. ఇస్తే, పిన్ను మధ్యలో విప్పి వంటల పేజీలు వాళ్లావిడకిస్తాడు, సినిమా పేజీలు పై బెర్తు అబ్బాయికి. సీరియల్ తను చదువుతూ, “ఈ వారం ఆ పిల్ల చచ్చిపోతుంది లెండి” అని నాకు కథ చెప్పేస్తాడు. ఒంగోలు దాటాక జేబులోంచి పెన్ను తీసి గళ్లనుడికట్టు పూరించడం మొదలెడతాడు. పెన్సిలు కూడా కాదు, పెన్ను. నెల్లూరులో దిగుతూ, “చాలా బావుందండీ, ఉంచండి” అని నా పత్రిక నాకే దానం చేసి వెళతాడు. విప్పి చూస్తే సీరియల్ పేజీలో పులిహోర నూనె, గళ్లనుడికట్టులో నాలుగు అడ్డం తప్పు, దాన్ని పట్టుకుని కిందికి దిగిన రెండు నిలువులూ తప్పు, పైగా ఏడు నిలువుకి గడి చాలక ఒక ఒత్తు బయటికి వేలాడదీశాడు.