బంగారు గనుల ఊపిరి

కోలారు జిల్లా తెలుగువారమగు మాకు బంగారమనగానే నగలు తలపునకు రావు, దగ్గు వచ్చును. గనిపని చేసి వచ్చిన పెద్దలు వేకువను అరుగులపై కూర్చుండి దగ్గుట మా యూళ్ల సుప్రభాతము. ఆ దగ్గును వార్ధక్యమని కొందఱు, చుట్టల మహిమయని కొందఱు సరిపుచ్చుకొనిరి.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను లండను కంపెనీ ఈ గనుల నిర్వహణము చేపట్టెను. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చెను. బెంగుళూరు వీధులకు దీపములు 1905లో గాని రాలేదు. ఆ వెలుగులో ఒక్క యూరు రెండుగా కనబడెను. ఒకవైపు తోటల నడుమ దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫు మైదానము. వేఱొకవైపు కూలీల ఒంటిగది కొట్టముల వరుసలు. వానికి ‘లైన్ల’ని పేరు. రాతిని తొలిచినవారు ఉత్తర ఆర్కాడు, చిత్తూరు సీమలనుండి వలసవచ్చిన పేదలు. అందు పెక్కుమంది అంటరానివారని వెలివేయబడినవారు.

ఇచటి బంగారము పలుగురాతిలో నుండును. దానిని పొడిగా తొలిచినపుడు లేచు సన్నని దుమ్ము ఊపిరితిత్తులలో నిలిచి, వానిని క్రమముగా గట్టిపఱచును. వైద్యులు దీనిని సిలికోసిస్ అందురు. క్షయ పట్టుటకు నిదియే దారి. 1940లలో కాప్లాన్, బర్డన్ అను వారు ఏడువేలకు పైబడిన గనికూలీలను పరీక్షింపగా నూటికి నలువదిమందికి మించి యీ రోగము కనబడెను. లండనులోని వాటాదారునకు ఆ దుమ్ము రేణువైనను సోకలేదు. లాభము మాత్రము చేరెను.

గనులకు ఆసుపత్రి లేకపోలేదు, మంచి ఆసుపత్రియే. అయినను అంతస్తు చేసిన గాయమును మందు ఎంతవఱకు మాన్పగలదు? 1967లో ఆ లండనులోనే, వైట్‌హాల్ ప్రభుత్వోద్యోగులు పదునేడువేలకు పైగా పరిశీలింపబడిరి. అచట గని లేదు, దుమ్ము లేదు, అందఱికిని ఉచితవైద్యమే. అయినను అడుగుమెట్టు ఉద్యోగుల మరణములు పైమెట్టువారికన్న ఇంచుమించు మూడింతలుగా తేలెను. పొగత్రాగుట మొదలగు అలవాట్లు ఈ భేదమంతటికిని చాలలేదు. తన పనిపై తనకు చెల్లుబడి లేకుండుటయు నొక కారణమని పిమ్మట మైకేల్ మార్మట్ ప్రభృతులు చూపిరి. చాంపియన్ రీఫులో మూడు కిలోమీటర్లకు పైగా లోతున రాయి తొలుచువానికి ఏపాటి చెల్లుబడి యుండెనో చెప్పనేల!

1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమయ్యెను; 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. ఆసుపత్రియు మూతపడెను. సిలికోసిస్ మాత్రము గని మూసినంతమాత్రమున ఆగునది కాదు; దుమ్ము విడిచిన పిమ్మటను పెరుగుచునే యుండును. జీతమును వైద్యమును ఒక్కమాఱే పోయిన యిండ్లలో మందుల ఖర్చు బిడ్డలపై బడినది. ఆ బిడ్డలు చీకటితోనే మారికుప్పమున రైలెక్కి బెంగుళూరు కూలికి పోవుచున్నారు. వేసవిగాలికి సయనైడు దిబ్బలనుండి తెల్లని ధూళి లేచి లైన్ల మీద పడుచున్నది. ఇల్లు మార్చగలవారు ఏనాడో మార్చిరి. తక్కినవారు కిటికీలు మూసికొనుచున్నారు.