డ్రిల్లు సారు

బడిలో ఎవరి విలువ ఎంతో తెలుసుకోవాలంటే పేరెంట్స్ మీటింగుకి వెళ్ళి చూడాలండీ. లెక్కల సారు బల్ల ముందు రేషన్ షాపు దగ్గరలాగా క్యూ. సైన్సు టీచరమ్మ ముందు అంతకు కాస్త తక్కువ. తెలుగు పంతులుగారి దగ్గర ఒకరిద్దరు, అదీ ‘దస్తూరీ కొంచెం బాగుచెయ్యండి’ అని చెప్పుకోడానికి. డ్రిల్లు సారుకి అసలు బల్లే ఉండదు. ఆయన గేటు దగ్గర నిలబడి మన స్కూటర్లు వరసలో పెట్టిస్తుంటాడు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. తాడ్వాయి నుంచి రోజూ కామారెడ్డికి బస్సులో పోయి చదువుకుంటోంది. టైంటేబుల్లో వారానికి రెండు ఆటల పీరియడ్లు రంగు పెన్సిలుతో రాసుకుంది పాపం. సాయంత్రం వస్తూనే బ్యాగు మంచంమీద పడేసి, “అమ్మా, ఇయ్యాల గూడ ఆటల పీరియడ్ల లెక్కల సారే వచ్చిండు” అంటుంది. మావారికి ఇది శుభవార్త. ఫీజు కట్టినదానికంటే రెండు క్లాసులు ఎక్కువ చెప్తున్నారని ఆయన సంతోషం. పిల్ల మొహం చూస్తే మాత్రం పండుగనాడు పస్తు పెట్టినట్టుంటుంది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి అందరం కూచుని టీవీలో ‘మైదాన్’ అనే హిందీ సినిమా చూశాం. 2024లో వచ్చింది. అజయ్ దేవగన్ ఫుట్‌బాల్ కోచ్‌గా వేశాడు. సినిమా అన్నాక మసాలా తప్పదు, ఆ సంగతి అటుంచండి. అసలు మనిషెవరో తెలుసుకుందామని ఆ తర్వాత దొరికినవన్నీ చదివాను. ఆయన మన హైదరాబాదువాడే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి, బడిపంతులు!

1909లో పుట్టాడు. ఉస్మానియాలో బి.ఎ. చదివి కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పాడు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూళ్ళలో పిల్లల ఆటపాటలు చూసుకున్నాడు. అంటే అచ్చంగా డ్రిల్లు సారన్నమాట. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో సిటీ పోలీసు జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడు నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరసగా అయిదేళ్ళూ వాళ్ళదే. బెంగాలువాళ్ళు ఫుట్‌బాల్ తమ పుట్టింటి సొత్తనుకునే కాలంలో మన కానిస్టేబుళ్ళు ఈ పని చేశారంటే ఊహించుకోండి.

నన్ను పట్టేసింది కప్పుల లెక్క కాదు. ఆయన పిల్లలకి ఆట నేర్పిన పద్ధతి. బలమైన కాలు వాడకూడదు, బలంలేని కాలితోనే తన్నాలి అని షరతు పెట్టి పోటీలు నడిపేవాడట. కుడిచేతికి వేడినూనె పడి వారంరోజులు ఎడమచేత్తో కూరలు తరిగిన ఇల్లాలికి ఈ ఉపాయం గొప్పతనం వెంటనే తెలుస్తుంది. మొదటిరోజు ఏడుపొస్తుంది. వారం తిరిగేసరికి మనకి రెండు చేతులున్నాయి! ఇంకో పోటీలో బంతిని ఎవరూ కాళ్ళమధ్య ఆడించుకుంటూ పోవడానికి వీల్లేదు. అందిన బంతి అందినట్టే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఉమ్మడి కుటుంబంలో పదిమంది పిల్లల మధ్య ఒక్క పూరీ పళ్ళెం తిప్పిన అమ్మలెవరైనా ఆ జట్టుకి కోచింగు ఇవ్వగలరు అనిపించింది నాకు.

సికిందరాబాదు అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అని ఒక బీద తమిళ కుర్రాడు. అంత దూరం నుంచి రోజూ ప్రాక్టీసుకి రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకి సారే పైసలిచ్చాడట. ఆ కుర్రాడే 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు.

మన దేశపు జట్టు ఈ పంతులుగారి చేతిలో 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ బంగారం గెలిచింది. మరుసటేడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో పదికి ఒకటిగా చిత్తయింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది ఉత్తికాళ్ళతో ఆడారు. ఆ తర్వాతే మనవాళ్ళకి బూట్లు తప్పనిసరి అయ్యాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం అంతకుమించి పైకెక్కింది లేదు.

మా అన్నయ్య కొడుకు అమెరికాలో మిన్నెసోటాలో ఉంటాడు. వాడికి ఫోనులో ఇదంతా చెబితే, “అత్తా, ఇక్కడా ఒకాయన ఉండేవాడు” అని మొదలెట్టాడు. వాళ్ళ ఫుట్‌బాల్ వేరు లెండి, కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తడం. సెయింట్ జాన్స్ అనే చిన్న కాలేజీలో జాన్ గాగ్లియార్డి అనే కోచ్ 1953 నుంచి 2012 దాకా పనిచేశాడట. అంతకుముందు ఇంకో చిన్న కాలేజీలో ఉన్న నాలుగేళ్ళూ కలిపితే 489 గెలుపులు. అక్కడి కాలేజీ ఆటలో అంతకన్నా ఎక్కువ గెలిచినవాళ్ళు లేరు. తనని ‘కోచ్’ అనొద్దు, ‘జాన్’ అని పిలవమనేవాడట. ప్రాక్టీసులో ఒకరినొకరు పడదోసుకోనిచ్చేవాడు కాదట. 2018లో, 91 ఏళ్ళు నిండాక పోయాడు.

మన రహీం సారుకి 54 ఏళ్ళు కూడా నిండలేదు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌కి జట్టుని తీసుకెళ్ళేసరికి ఒంట్లో క్యాన్సర్ ఉంది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా రెండు గోల్స్‌తో ఓడించింది. తర్వాత థాయిలాండుతో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతన్ని పడుకోబెట్టేవారు. ఈ పంతులుగారికి, కుర్రవాడు కాలేజీ రోజుల్లో ముందువరసలో ఆడేవాడన్న సంగతి గుర్తుంది. కట్టుతోనే ఫార్వర్డుగా దింపాడు. సెమీఫైనల్లో ఒక గోలు, ఫైనల్లో ఒక గోలు అతనివే. నిజం చెప్పొద్దూ, తల్లిగా నేనైతే దింపనిచ్చేదాన్ని కాదు.

ఫైనల్ ముందురాత్రి సారు అందరినీ పిలిచి, రేపు నాకొక కానుక కావాలి, బంగారం గెలవండి అని అడిగాడని ఆటగాళ్ళు తర్వాత చెప్పుకునేవారు. సెప్టెంబర్ 4న అదే దక్షిణ కొరియా. స్టేడియంలో లక్షమంది దాకా జనం, అంతా మనకి వ్యతిరేకమే. మనవైపు గొంతు కలిపింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళట! పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, మొదటి ఇరవై నిమిషాల్లోనే రెండు గోల్స్. చివరికి 2-1. 1963 జూన్ 11న సారు పోయాడు, గెలిచిన తొమ్మిది నెలలకి. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన మగపిల్లలు బంగారం తేలేదు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు పుట్టిందే 1985లో.

సినిమా అయిపోయాక మా అమ్మాయి లేచి పుస్తకంలోంచి ఒక కాగితం తీసింది. నిజామాబాదులో ఆడపిల్లల ఫుట్‌బాల్ సెలెక్షన్లట. పీరియడ్లు లేకపోయినా భోజనాల గంటలో ఆడించి వాళ్ళ డ్రిల్లు సారే పేరు రాశాడు. తండ్రి సంతకం కావాలి. నాలుగు రోజులుగా దాచుకుని తిరుగుతోంది.

మావారు చూసి, “పరీక్షలు దగ్గరకొచ్చినయ్ గదా” అన్నారు. అది ఇద్దరికీ చెందిన మాటే కాబట్టి నేనూ కాగితం అందుకున్నాను. నిజామాబాదు దగ్గరి తండా నుంచి వెళ్ళిన గుగులోతు సౌమ్య భారత జట్టుకి ఆడిన సంగతి చెప్పాను. మావారు ఏమీ అనలేదు. కళ్ళజోడు వెతుక్కున్నారు.

అత్తయ్య ఇదివరకు ఆటలంటే, “ఎండల తిరిగి నల్లగైతది పోరి, రేపు సంబంధాలు సూడొద్దా” అనే మనిషి. ఆ రాత్రి మూలన మంచంమీద కూచుని అంతా వింటోంది. పెన్ను ఇంకా కాగితం మీద పడలేదు, అప్పుడే అందుకుంది: “సంతకం ఏడికి వోతదిరా! ముందుగాల పిల్లకు బూట్లు కొనియ్యి. బూట్లు లేకుంటె పది గోల్స్ పడ్డయంట, ఇనలే?”