బెదురు

రౌతు మెత్తనయితే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మా ఇంట్లో తరచూ వినిపించే సామెత. తాతగారి నుంచి నాన్నగారికి, నాన్నగారి నుంచి నాకు అది ఆస్తిలాగే సంక్రమించింది. మా ముగ్గురిలో ఎవరమూ ఏనాడూ గుర్రమెక్కి ఎరుగము. ఆ సామెతను పిల్లల పెంపకానికి వాడుకున్నాము, అంతే.

చాలా ఏళ్ళ క్రితం ఒక కార్తీక సోమవారం నాడు యాగంటి వెళ్ళాము. ఎర్రమల కొండల్లోంచి ఊరే నీళ్ళతో పుష్కరిణి నిండుగా ఉంది. మావాడికప్పుడు ఎనిమిదేళ్ళు. నీళ్ళంటే వాడికి చెప్పలేనంత బెదురు. మెట్ల మీదే కూలబడి రానన్నాడు. చుట్టూ జనం, వెనుక బంధువులు... నాకు చిన్నతనం వేసింది. రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాక్కుపోయాను. మొదట కేకలు పెట్టాడు, పెనుగులాడాడు. కాసేపటికి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయాడు. మెడలోతు నీళ్ళలో కదలక మెదలక నిలబడ్డాడు. "చూశావా, భయం పోయింది!" అని మా ఆవిడతో గొప్పగా అన్నాను. ఆవిడ మాట్లాడలేదు.

దర్శనమయ్యాక కిందికి వస్తుంటే, దుకాణాల వరుస దాటిన తరువాత రోడ్డు పక్కన ఒక తెల్లని ఆడగుర్రం కనిపించింది. మర్నాడు జరగబోయే పెళ్ళి ఊరేగింపు కోసం బనగానపల్లె వైపు నుంచి తెచ్చారట. టెంకాయల అంగడికి కట్టిన ప్లాస్టిక్ పట్టా గాలికి పటపటలాడుతోంది. దాన్ని చూసి గుర్రం నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి ఆగిపోయింది. ముక్కుపుటాలు ఎగరేస్తూ బుసకొడుతోంది. వెంట ఉన్న కుర్రవాడు కర్ర ఎత్తాడు. పగ్గం పట్టుకున్న ముసలి సాయిబు వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ పైన ఆయన చేసినదంతా నేను అరుగు మీద కూర్చుని చూశాను. గుర్రం ఎక్కడ బిగుసుకుంటే అక్కడ తానూ ఆగిపోయేవాడు. ముందుకు లాగడు, వెనక్కి పోనివ్వడు. పగ్గం మాత్రం వదులుగా ఉంచి దాని భుజం పక్కన నిలబడేవాడు. కొంతసేపటికి నిక్కిన చెవులు మెత్తబడేవి, తల కిందికి దిగేది, నోరు చప్పరించేది. సరిగ్గా ఆ క్షణాన దాన్ని మళ్ళించి, దూరంగా నాలుగడుగులు నడిపించి తెచ్చేవాడు. మరుసటిసారి అది ఇంకో రెండడుగులు ముందుకు వేసేది.

ఉండబట్టలేక అడిగాను. "దగ్గరికి వచ్చినాక వెనక్కి తిప్పుతావెందుకు మామా?"

"ధైర్యం చేసినప్పుడే గదా సార్ వదలాల. బెదిరినప్పుడు వదిలితే బెదరడం నేర్చుకుంటాది. ధైర్యం చేసినప్పుడు వదిలితే ధైర్యం నేర్చుకుంటాది."

కుర్రవాడికి ఓపిక నశించినట్టుంది. "ముందరి ఆసామి దీన్ని బ్యాండు కాడ కట్టేసి పెట్టినాడంట గదా. రాయి మాదిరి నిలబడిందంట!" అన్నాడు.

"అది నిలబడ్డం గాదురా, బిగుసుకుపోవడం. ఆ పొద్దే పెండ్లికొడుకుని కింద పడేసింది," అన్నాడు సాయిబు.

నేను పక్కకు తిరిగి చూశాను. మావాడు తడి జుట్టుతో, తల్లి కొంగు పట్టుకుని, కోనేట్లో నిలబడ్డంత నిశ్చలంగా అక్కడా నిలబడి ఉన్నాడు. ఉదయం నుంచి ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు తట్టింది.

గంట దాటాక ఆ గుర్రం అంగడి ముందు నుంచి మెల్లగా నడిచిపోయింది. అంతటితో అయిందనుకున్నాను. సాయిబు మళ్ళీ వెనక్కి తిప్పి, రెండో పక్క నుంచి మొదలుపెట్టాడు. "ఈ కన్ను చూసింది, ఆ కన్ను సూడొద్దా?" అని నవ్వాడు.

ఇంటికొచ్చాక గుర్రాల గురించి దొరికిందల్లా చదివాను. కళ్ళు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల గుర్రం దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. నుదుటికి ఎదురుగా కొద్దిచోటూ, తోక వెనుక కొద్దిచోటూ మాత్రం దానికి కనబడవు. అది వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. పారిపోవడమే దాని ఆత్మరక్షణ. పారిపోయే దారి మూసేసి భయంలో ముంచితే ఒక దశలో పెనుగులాట మానేస్తుంది. చూసేవారికి అది శాంతంలా కనిపిస్తుంది, కాని గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. ఈ సంగతి పెద్దలు ఎప్పుడో కనిపెట్టారు. గుర్రం దేనికైనా బెదిరినప్పుడు కొడితే, ఆ నొప్పి కూడా ఆ వస్తువు వల్లనే కలిగిందనుకుని మరింత బెదురుతుందని క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే గ్రీకు రచయిత జెనొఫన్ రాశాడు. బుసెఫలస్ తన నీడకే బెదురుతోందని గమనించి, అలెగ్జాండరు దాని ముఖాన్ని సూర్యుడి వైపు తిప్పి లొంగదీసుకున్నాడని ప్లూటార్క్ చెప్పిన కథ. మన తెలుగులోనూ మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము' అని గుర్రాల మీద ఏకంగా ఒక కావ్యమే రాశాడు. నకులుడు విరాటుని కొలువులో అశ్వపాలకుడిగా చేరిన కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇంత చదివినా, ఆ సాయిబు రెండు మాటల్లో చెప్పినదానికి అదనంగా నేను నేర్చుకున్నది స్వల్పమే.

ఆ తరువాత రెండేళ్ళు మావాడు స్నానాల గదిలో బకెట్టు నిండుగా ఉన్నా లోపలికి వెళ్ళేవాడు కాదు. సగం పారబోస్తేనే వెళ్ళేవాడు. ఆ సగం నీళ్ళు పారబోసిన ప్రతిసారీ నాకు కోనేరు గుర్తొచ్చేది.

మూడో ఏట మళ్ళీ యాగంటి వెళ్ళాము. వాడు పై మెట్టు మీద కూర్చుంటే నేనూ పక్కన కూర్చున్నాను. ఏమీ అనలేదు. చాలాసేపటికి వాడే రెండు మెట్లు దిగి, పాదాలు నీళ్ళలో పెట్టి నా వైపు చూశాడు. ఇంకో మెట్టు దిగమనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, "పద, టిఫిను చేద్దాం" అని లేచాను. వాడి ముఖంలో కనిపించిన ఆశ్చర్యం ఇప్పటికీ మరచిపోలేదు.

వాడు ఈత నేర్చుకోలేదు. నీళ్ళలోకి దిగుతాడు, నడుము దాకా. అంతవరకే వాడి సరిహద్దు.

సామెతలో తప్పులేదనే ఇప్పటికీ నా నమ్మకం. ఆ సాయిబు మెత్తని రౌతు కాడు. గుర్రాన్ని ఒక్కసారీ దాని ఇష్టానికి వెనుదిరగనివ్వలేదు. గట్టితనమంటే లాగడమని నేననుకున్నాను, ఎప్పుడు వదలాలో తెలియడమని ఆయనకు తెలుసు. మనవాళ్ళు 'రౌతు కొద్దీ గుర్రం' అని ఇంకో సామెత కూడా చెప్పారు. మా ఇంట్లో అది ఎందుకో ఎవరూ వాడేవారు కాదు.