ఫ్యాను కోసం మజూరా గేటు దాకా

నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్లులో ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి సూరత్‌లో దిగొచ్చు. బల్లార్షా, భుసావళ్, నందుర్‌బార్ మీదుగా పోయే ఆ దారి మా పద్మశాలీలకు తరాలుగా అలవాటైన దారి. ఊళ్లో చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో భివండీకి, షోలాపూర్‌కు పోయినట్టే సూరత్‌కూ పోయారు. లింబాయత్ గల్లీల్లో ఇప్పటికీ తెలుగు చెవిన పడుతుంది. మా చిన్నబాపు ఇల్లు అక్కడే.

చుట్టపుచూపుగా బయల్దేరినా, చిన్నబాపు బిడ్డ, నా చెల్లె, ఫోన్లో ముందే ఒక పని అప్పజెప్పింది, తన కంప్యూటర్ మోత తగ్గించమని. తను ఇంట్లోనే కూర్చుని చీరలకు డిజిటల్ ప్రింట్ డిజైన్లు చేస్తుంది. కంప్యూటర్ పాతది, మోత విపరీతం. ఉన్నది ఒకటే గది. చిన్నబాపు సాంచెల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో మెకానిక్. 12 గంటల షిఫ్టు, కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి నడుం వాల్చేది సరిగ్గా చెల్లె పనిలో కూర్చునే వేళకే, ఆ డబ్బాకు మూరెడు దూరంలో.

"బాపు పండుకుంటే నేను బంద్ చేస్త అన్నా. ఆర్డరు ఆగిపోతది," అంది.

నాకు ఇది చిన్న పనిగా తోచలేదు. నాడె సాంచెల కార్ఖానాలో మోత 95 డెసిబెల్స్ దాటడం మామూలే. 8 గంటల పనికి 90 హద్దని ఫ్యాక్టరీల నిబంధనలు చెబుతాయి. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. రోజంతా సాంచెల మధ్య నిలబడే మనిషికి కనీసం ఇంట్లోనైనా చెవులకు విశ్రాంతి దొరకాలి. అది ఆయన హక్కు అనుకుంటాను.

నేను చేరాక, కంప్యూటర్ మూత విప్పకముందే చిన్నబాపు పెద్ద స్క్రూడ్రైవర్ తెచ్చాడు. కొన డబ్బాకు ఆనించి, పిడి చెవి ముందటి ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకున్నాడు. కార్ఖానాలో ఏ బేరింగు పోతున్నదో ఆయన కనిపెట్టేది ఇట్లాగే. ముందు ఫ్యాను దగ్గర, తర్వాత వెనక, చివరికి కింది మూలన.

"బొంయ్‌మని గునిసేది ఇక్కడ. ఫ్యాను కాదు ఇది," అన్నాడు.

అది హార్డ్ డిస్క్. నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకు 120. ఆ సన్నపాటి అదురు రేకు డబ్బాకంతా పాకి, అక్కడి నుంచి బల్లకు దిగి, బల్లనే మోగిస్తోంది. చెల్లె మాత్రం ఒప్పుకోలేదు. "కాదు బాపూ, వెనక కీచుమంటున్నది వినవడ్తలేదా?" నిజంగానే ఆయనకు వినబడటం లేదు. ఏళ్ల తరబడి మోతలో పనిచేసిన చెవికి ముందుగా దూరమయ్యేవి 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి శబ్దాలు. లావు శబ్దాన్ని తండ్రి, సన్న శబ్దాన్ని కూతురు పట్టుకున్నారు. ఇద్దరూ కలిస్తేగానీ జబ్బు పూర్తిగా తేలలేదు.

వెనకున్నది 80 మిల్లీమీటర్ల చిన్న ఫ్యాను. నూనె ఎండిన స్లీవ్ బేరింగుతో కిర్రుమంటోంది. మూత తీస్తే ప్రాసెసర్ మీది హీట్ సింక్ రెక్కల మధ్య సూరతే కనబడింది. పాలిస్టర్ నూగు గొంగడిలా అట్టకట్టుకుపోయింది. గాలి దూరే సందు లేక వేడి పెరుగుతుంది, వేడి పెరిగినకొద్దీ ఫ్యాను ఇంకా ఇంకా వేగం అందుకుంటుంది. సగం మోత ఈ నూగుదే.

మర్నాడు షేరింగ్ ఆటోలో సహారా దర్వాజా చేరి, రింగ్ రోడ్ వెంట మజూరా గేటు దాకా పోయాం. ఆ దారిలో కూడళ్లకు కోట ద్వారాల పేర్లే ఇంకా ఉన్నాయి: సహారా దర్వాజా, ఉధ్నా దర్వాజా, మజూరా గేటు. పైన ఫ్లైఓవర్, కింద చీరల మార్కెట్లు. వీపు మీద తమ ఎత్తుకు మించిన పార్సెళ్లు మోసుకుంటూ కూలీలు, వాళ్ల వెనకే టెంపోల హారన్లు. అడుగు సందు దొరికితే చాలు, అందులోంచి ఒక తోపుడుబండి వచ్చేస్తుంది.

మజూరా గేటు దగ్గర ఐటీసీ బిల్డింగులో వరసగా కంప్యూటర్ దుకాణాలు. చప్పుడు చేయని ఫ్యాను కావాలన్నాం. దుకాణదారు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు బల్ల మీద పెట్టి కరెంటిచ్చి తిప్పి చూపాడు. ఆ రోడ్డు హోరులో ఏదీ వినబడదే! చిన్నబాపు ఒక్కోదాన్నీ అరచేతిలో పట్టుకున్నాడు, పడుకోబెట్టి, నిలబెట్టి, తలకిందులు చేసి. ఒకటి నిలబెట్టినప్పుడు అదిరింది, పక్కకు జరిపాడు. "దీని ఇరుసు సాపుగ లేదు." నేను అట్ట మీది వివరాలు చదివాను: ఫ్లూయిడ్ బేరింగు, నాలుగు పిన్నులు. ఆ నాలుగో తీగ ద్వారా మదర్‌బోర్డు వేగాన్ని సాఫీగా తగ్గించగలదు. ఆయన చేయి, నా చదువు ఒకే ఫ్యాను దగ్గర కలిశాయి. దాంతోపాటు చుట్లు తిరగని, చప్పుడు లేని ఒక ఎస్ఎస్‌డీ, రబ్బరు వాషర్లు, థర్మల్ పేస్టు, సన్న జాలీ.

పెద్ద రెక్క నెమ్మదిగా తిరిగినా చిన్న రెక్క వడిగా తిరిగినంత గాలి తోస్తుంది. ఫ్యాను వేగం సగం చేస్తే మోత సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 తగ్గితేనే చెవికి సగమైనట్టుంటుంది. అయితే ఒకే మోత చేసే రెండు ఫ్యాన్లలో ఒకటి తీసేస్తే తగ్గేది మూడే. అందుకే అన్నిటికన్నా గట్టిగా అరిచేదాన్ని ముందు పట్టుకోవాలి.

ఇంటికొచ్చి నూగు బ్రష్షుతో దులిపాం. బ్లోయర్ పెట్టేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకుంటే అదుపు లేకుండా తిరిగి బేరింగు పాడవుతుంది. ఎండి పెళుసైన పాత పేస్టు తుడిచి, కొత్తది శనగగింజ కంటే చిన్న బొట్టు పెట్టాను. కీచుమనే చిన్న ఫ్యాను తీసేశాం. కొత్తది ముందువైపు జాలీ వెనక బిగించాం. వచ్చే గాలి జాలీలోంచే వస్తే నూగు బయటే ఆగుతుంది. విండోస్ ఎస్ఎస్‌డీకి మార్చాను. పాత డిస్కును డిజైన్లు దాచడానికి రబ్బరు వాషర్ల మీద ఉంచి, వాడనప్పుడు ఆగిపోయేలా పెట్టాను. ఇక బయోస్‌లో ఫ్యాను సెట్టింగు. ప్రాసెసర్ 60, 70 డిగ్రీల్లోనూ నిక్షేపంగా నడుస్తుంది. వేడి రెండు డిగ్రీలు పెరగ్గానే ఫ్యాను ఉలిక్కిపడి లేవాల్సిన పని లేదు. మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేట్టు సర్దాను.

చిన్నబాపు మళ్లీ స్క్రూడ్రైవర్ ఆనించి చూశాడు. "గునుసుడు పోయింది." ఫోటోషాప్‌లో పెద్ద ఫైలు తెరిచి, పని ఎక్కువైనప్పుడు ఎట్లుంటుందో చెల్లె పరీక్షించింది. ఆమెకు ఇంకో సన్న ఈల దొరికింది, పవర్ సప్లై ఫ్యానుది. చిన్నబాపు దాని డబ్బా విప్పబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు, దాన్ని విప్పడం కాదు, మొత్తంగా మార్చాల్సిందే. ఎన్ని వాట్లది తీసుకోవాలో, ఫ్యాను ఏ సైజుండాలో చీటీ మీద రాసిచ్చాను. డిజైన్ల పైసలు చేతికి రాగానే మజూరా గేటుకు తండ్రీకూతుళ్లు ఇద్దరూ కలిసే పోతామన్నారు.